అక్క బండి

మనుష్యునకు నడచుటకు కాళ్ళు రెండు కలవని చిన్న తరగతులలో చెప్పుదుము. కాని చక్రములే కాళ్ళుగా జీవించువారు లోకమున అనేకులు కలరు. మందగించిన కంటికి అద్దములు ఎట్టివో, నడువలేని కాలికి చక్రములు అట్టివి. అద్దములు కొనవలసి వచ్చినప్పుడు మనము మొదట కన్నును పరీక్ష చేయింతుము. పొరుగువాని అద్దములు అందముగా నున్నవని వానివంటివే తెచ్చి పెట్టుకొనము. బండి కొనునప్పుడు మాత్రము ఈ చిన్న వివేకము మనకు తోచదు. నాకును తోచలేదు. ముప్పదియైదేండ్లకు పైగా బడులలో పాఠములు చెప్పి, అందు కడపటి తొమ్మిదేండ్లు ప్రధానోపాధ్యాయుడనుగా మెలగిన నాకు, ఈ పాఠమును మా అక్క చెప్పవలసి వచ్చినది. బాలబాలికలారా, దానినే మీకు చెప్పబోవుచున్నాను.

మాది మేడ్చల్‌కును శామీర్‌పేటకును నడుమ నున్న ఒక చిన్న పల్లె. మాకు పడమట మేడ్చల్ మీదుగా నాగపూరు దిక్కునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి కలదు. తూర్పున శామీర్‌పేట మీదుగా కరీంనగరము పోవు రాజీవ్ రహదారి కలదు. హైదరాబాదు నగరమును 158 కిలోమీటర్ల పొడవున చుట్టివచ్చు ఔటర్ రింగు రోడ్డు మా చేలకు చేరువనే సాగిపోవును. మా చిన్ననాట ఈ ప్రాంతమంతయు జొన్నచేలు, ద్రాక్షపందిళ్ళు. ఇప్పుడు శామీర్‌పేటలో న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము వెలసినది. దాని చుట్టుప్రక్కల ఔషధ పరిశోధనశాలలు వెలసినవి. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. 2022 ఆగస్టులో శామీర్‌పేట మండలము అంతాయిపల్లిలో కలెక్టరు కార్యాలయపు క్రొత్త భవనము తెఱచినారు. ఇన్ని మార్పులు వచ్చినను మా యింటి ముందరి సందు మాత్రము మాఱలేదు. అదే మోరీ, అవే రాళ్ళు. ఎడ్లబండ్ల గాళ్ళకు బదులు ట్రాక్టరు గాళ్ళు పడినవి; అంతే భేదము.

అక్క నాకంటె రెండేండ్లు పెద్ద. ఆమెకు మూడవ యేట, అనగా 1959 ప్రాంతమున, జ్వరము వచ్చినదట. నాలుగు దినములకు జ్వరము విడిచినది గాని రెండు కాళ్ళును చచ్చుపడినవి. అది పోలియో వ్యాధి. దానికి అమెరికాలో 1955లోనే సాల్కు టీకా వచ్చి యుండెను. కాని ఆ వార్తయే మా పల్లెకు చేరలేదు. మన దేశమున ప్రభుత్వపు టీకాల కార్యక్రమములో పోలియో చుక్కలను చేర్చినది 1979లో. దేశమంతట ఒకే దినమున పసిపిల్లల కెల్లరకు చుక్కలు వేయు పల్స్ పోలియో 1995లో మొదలైనది. 2011 జనవరిలో పశ్చిమ బెంగాలున ఒక పసిబిడ్డకు సోకినదే మన దేశమున కడపటి పోలియో. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము పోలియో లేని దేశమని ధ్రువపఱచినది. మీ తరగతిలో పోలియో సోకిన బాలుడుగాని బాలికగాని ఉండకపోవుట మీ అదృష్టము. ఆ అదృష్టము మా అక్కకు ఇరువదేండ్లు ఆలస్యముగా వచ్చినది.

చిన్ననాట నాన్న అక్కను భుజముపై నెక్కించుకొని తిరుగుచుండెను. నాకు పదేండ్లు వచ్చిన పిమ్మట ఆ పని నాది. జాతరకు, బోనాలకు, బంధువుల యిండ్లకు నేనామెను వీపున మోసికొని పోవుచుంటిని. బడికి మాత్రము ఎవరును మోయలేదు. బడి మైలు దూరము. దానికి మూడు మెట్లు. ఆడపిల్ల, అందులో కాళ్ళు లేనిది, చదివి ఏమి చేయునని పెద్దలనుకొనిరి. నేను బడినుండి వచ్చి పలక క్రింద పెట్టిన తోడనే అక్క దానిని తీసికొనెడిది. నేను నేర్చిన అక్షరములు ఆమెయు నేర్చినది. నేను అయిదవ తరగతికి వచ్చునప్పటికి నా లెక్కలలోని తప్పులు దిద్దునది ఆమెయే. పిమ్మట నేను పండిత శిక్షణకు పోయి వ్యాకరణము, ఛందస్సు చదువుకొను దినములలో, సెలవులకు ఇంటికి వచ్చినచో గణవిభజనలో నన్ను మించి వేగముగా చెప్పునది ఆమెయే. పరీక్ష ఇద్దఱము చదివితిమి. యోగ్యతాపత్రము ఒకరికే వచ్చినది.

1981వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరముగా పాటించినది. ఆ యేడే అక్కకు చేతితో త్రిప్పు మూడు చక్రముల బండి లభించినది. అది ఆమె జీవితమున పెద్ద పండుగ. అప్పటినుండి నలువదేండ్లు, రెండు మూడు బండ్లు మార్చి, ఆమె తన చేతులతోనే ఊరెల్ల తిరిగినది. సాయంకాలము మా అరుగు ప్రక్క వేపచెట్టు క్రింద పిల్లలను చేర్చి చదువు చెప్పినది. కాని చేతులు చేతులే, కాళ్ళు కావు. అఱువదియైదేండ్లు దాటిన పిమ్మట ఆమె భుజములు నొవ్వసాగినవి. ఒక వైద్యుడు పరీక్షించి, "కాళ్ళు చేయవలసిన పనిని ఈ భుజములు ఇన్నాళ్ళు చేసినవి. పైగా చిన్ననాట పోలియో వచ్చినవారికి అనేక సంవత్సరముల పిమ్మట కండరములు మరల బలహీనపడుట కలదు. ఇకమీదట చేతిబండి వలదు" అని చెప్పెను.

అప్పుడు నేను మోటారుబండి కొనదలచితిని. నా పదవీవిరమణ సొమ్ములో కొంత మిగిలి యుండెను. అక్క నన్ను చదివించినదని ఊరిలో నేను పలుమాఱులు చెప్పుకొనుచుండువాడను. ఆ ఋణము ఈ విధముగా కొంత తీరునని సంతోషించితిని. ఆమెకు చెప్పక, ఆశ్చర్యపఱుపవలెనను కోరికతో, నగరమునందలి యొక దుకాణమునకు పోయితిని. అచ్చట ఎఱ్ఱని నాలుగు చక్రముల విద్యుత్తు స్కూటరొకటి తళతళలాడుచు నిలిచి యుండెను. మెత్తని కుర్చీ, ముందు దీపము, వెనుక దీపము, బూర, సామాను బుట్ట. అది ఎంత వేగముగా పోవును, ఒకసారి చార్జి చేసినచో ఎంత దూరము పోవును, దీపము రాత్రి ఎంతమేర వెలుగు నిచ్చును అని దుకాణదారుని అనేక ప్రశ్నలడిగితిని. అన్నిటికి అతడు సమాధానము చెప్పెను. నేనడిగిన ప్రశ్నలన్నియు బండిని గూర్చినవే. ఎక్కవలసిన మనిషిని గూర్చి నేనొక్కటియు అడుగలేదు.

2024 ఉగాదినాడు బండి మా సందులోనికి వచ్చెను. పిల్లలు మూగిరి. మామిడాకుల దండ వేసిరి. అక్క చాలసేపు బండి వంక చూచి, "బాగున్నది తమ్మీ" అని మాత్రము అనెను. ఆ మాటలో నేను వినవలసినది వినలేదు.

మొదటి చిక్కు ఆ సాయంకాలమే తెలిసినది. మా పాత యింటి వాకిలి వెడల్పు ఇరువదియేడు అంగుళములు. బండి ఇరువదియాఱు. లెక్కకు పట్టవలెను, కాని మలుపు తిరుగుచు రాగా పిడికి ద్వారబంధము తగిలినది. అదియునుగాక రెండు మెట్లు, గడప అడ్డము. కావున బండి వెలుపల, అక్క లోపల. ఆమె ఎక్కడికైన పోవలెనన్నచో నేనును మా అబ్బాయియు చెరియొక ప్రక్క పట్టి ఎత్తి తెచ్చి బండిపై కూర్చుండబెట్టవలెను. వచ్చిన పిమ్మట మరల ఎత్తి లోపలికి చేర్చవలెను. చేతిబండి కాలమున ఆమె తన భుజబలముతో గడప మీదుగా జరిగి వచ్చి తానే ఎక్కెడిది. భుజము చెడినందున అది సాగకుండెను. నాకది చిక్కుగా తోచలేదు. ఎత్తుటకు మేమున్నాము గదా యనుకొంటిని.

రెండవ చిక్కు వారము దినముల పిమ్మట వచ్చినది. శామీర్‌పేట పెద్దచెరువు మా పల్లెకు మూడు కిలోమీటర్లు. అక్కకు చెరువుకట్ట మీది గాలి ఇష్టము. ఒంటరిగానే పోయి వచ్చెదనని బయలుదేరినది. సగము దారిలో ట్రాక్టరు గాడిలో బండి దిగినది. ఆ బండి అడుగుభాగము నేలకు మూడంగుళములే ఎత్తు. అది నున్నని నేలకు చేసిన బండి. గాడి నడుమనున్న మట్టికట్టపై కడుపు ఆని, చక్రములు ఊరక తిరుగసాగినవి. ఎండ మండుచుండెను. గంటసేపు ఆమె అట్లే కూర్చున్నది. తుదకు దారిన పోవువారు నలుగురు వచ్చి, సదుద్దేశముతోనే, ఆమెను చంకల క్రింద పట్టి బస్తావలె ఎత్తి గట్టున దింపి, బండిని లాగి పైకి తెచ్చిరి. ఆ బండికి వెనుక ఒక చిన్న మీట కలదు. దానిని త్రిప్పినచో మోటారు పట్టు వదలి, చక్రములు తేలికగా తిరుగును. ఆమె కూర్చుండగనే బండిని వెనుకకు లాగి చూడవచ్చును. ఆ సంగతి బండితో వచ్చిన పుస్తకములో వ్రాసియే యున్నది. జీవితమంతయు "పాఠము చదివి రండు" అని పిల్లలకు చెప్పిన నేను ఆ పుస్తకమును చదువలేదు, ఆమెకును చెప్పలేదు.

అటుపిమ్మట పదునొకండు దినములు అక్క ఇల్లు వెడలలేదు. పిల్లలు వేపచెట్టు క్రిందికి వచ్చి చూచి మరలిపోయిరి. పండ్రెండవనాడు నేను మంచము ప్రక్కన కూర్చుండి, "అక్కా, బండి నీకు నచ్చలేదా?" అని యడిగితిని.

"బండి మంచిదే తమ్మీ. కాని కొనుటకు ముందు నీవు నన్నొక మాటైన అడిగితివా?"

నేను తల వంచుకొంటిని.

"చిన్ననాట నీవు నన్ను వీపున మోసితివి. అప్పుడు నాకది ఆటగా నుండెడిది. చేతిబండి వచ్చిన పిమ్మట నలువదేండ్లు ఎవరును నన్ను ఎత్తలేదు. ఇప్పుడు ఈ బండి వచ్చి, దినమునకు నాలుగుసార్లు నన్ను ఎత్తించుచున్నది. మొన్న తోవలో పేరు తెలియనివారు ఎత్తిరి. వారు మంచివారే. అయినను ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. నన్ను ఎవరును ఎత్తనవసరము లేని బండి నాకు కావలెను. అది ఎఱ్ఱగా నున్నను సరే, నల్లగా నున్నను సరే."

మీకిది చిన్నమాటగా తోచవచ్చును. నాకు మాత్రము నా చదువంతయు ఆ మాట ముందు తక్కువైనట్లు తోచినది.

అక్క దిండు క్రిందినుండి ఒక నోటు పుస్తకము తీసెను. ఆ పదునొకండు దినములు ఆమె ఊరక కూర్చుండలేదు. తాను ఏ దినము ఎక్కడికి ఎన్నిసార్లు కదలవలసి వచ్చినదో, ఎక్కడికి పోగోరి పోలేకపోయినదో వ్రాసియుంచెను. స్నానాల గదికి, వంటింటికి, వాకిటికి దినమునకు పది పండ్రెండుసార్లు. వేపచెట్టు క్రిందికి రెండుసార్లు. సందు చివరి దుకాణమునకు ఒకసారి. చెరువుకట్టకు వారమున కొకసారి. మేడ్చల్ ఆసుపత్రికి నెలకొకసారి. కలెక్టరు కార్యాలయమునకు ఏడాదికొకసారి. "తమ్మీ, నీవు నేను వారమునకొకసారి పోవు చోటికి బండి కొంటివి. దినమునకు పదిసార్లు పోవు చోటు మఱచితివి" అనెను.

ఇదియే మొదటి సూత్రము: బండి ఎంత దూరము పోవునని కాక, మనిషి ఎక్కువసార్లు ఎక్కడికి పోవలెనని ముందుగా చూడవలెను.

రెండవది ఎక్కుట, దిగుట. మంచము ఎత్తును, కుర్చీ ఎత్తును సమానముగా నుండినచో, నడుమ నున్నని పలక వేసికొని దానిపై జరిగి, భుజములకు శ్రమలేక తానే కూర్చుండవచ్చును. ఎత్తు నాలుగంగుళములు భేదించినను మరియొకరి సాయము కావలసి వచ్చును. మూడవది దేహబలము. స్కూటరు పిడి పట్టుటకు రెండు చేతులు ముందునకు చాపి యుంచవలెను. నొప్పి గల భుజములకు అది కష్టము. చిన్న మీటతో నడచు విద్యుత్తు కుర్చీకి వ్రేళ్ళ బలము చాలును. నాలుగవది కొలతలు. కూర్చుండువారి నడుము వెడల్పు, వీపు ఎత్తు, తొడ పొడవు కొలిచి కుర్చీ తీసికొనవలెను. కుర్చీ వదులైనచో ఒక ప్రక్కకు ఒరిగి వెన్ను వంగును. ఇఱుకైనచో చర్మము ఒఱసి పుండ్లు పడును. అయిదవది నేల. ఆఱవది మరమ్మతు, పంక్చరైనచో ఊరి సైకిలు దుకాణమువాడు బాగుచేయగలడా, బ్యాటరీ ఎక్కడ దొరకును అనునవి విచారింపవలెను. సీసపు బ్యాటరీ ధర తక్కువ, బరువు ఎక్కువ. లిథియము బ్యాటరీ ధర ఎక్కువ, బరువు తక్కువ. ఏదైనను పూర్తిగా అడుగంటనిచ్చి దినములకొలది వదలివేసినచో చెడిపోవును.

ఈసారి ఇద్దఱము ఆటోలో బయలుదేరి అన్ని రకముల బండ్లను చూచితిమి. అక్క ప్రతిదానిపై కూర్చుండి చూచెను. మూడు చక్రముల స్కూటరు ఇఱుకు చోట సులభముగా తిరుగును. కాని మలుపులో వేగముగా పోయినచో ఒరగును. నాలుగు చక్రములది నిలకడగా నుండును. తిరుగుటకు ఎక్కువ చోటు కావలెను. వీనికి మీట వదలిన వెంటనే బండి తనంత తాను నిలుచు ఏర్పాటు కలదు. అది వృద్ధులకు మేలు. పెట్రోలు స్కూటరుకు ఇరుప్రక్కల చక్రములు బిగించినది దూరపు ప్రయాణమునకు మంచిది. కాని దానిపైకి ఎక్కుటకు బలము కావలెను, నడుపుటకు లైసెన్సు కావలెను. మా ఊరి యువకుడొకడు దానిపైననే ఔషధ కర్మాగారమునకు పోయి పని చేసికొనుచున్నాడు. వానికి అదియే తగినది. పెద్ద చక్రముల మోటారు మూడు చక్రముల బండి గతుకుల దారికి బాగుగా నోర్చును. కాని ఇంటిలోనికి రాదు.

తుదకు అక్క ఒకదాని యొద్ద ఆగెను. అది కొలతలను బట్టి చేయించుకొను తేలికైన చక్రముల కుర్చీ. దాని ముందర, కావలసినప్పుడు, మోటారు గల మరియొక చక్రమును తగిలించుకొనవచ్చును. ఇంటిలో కుర్చీ, వెలుపల మూడు చక్రముల బండి. కూర్చున్నవారు దిగనక్కఱలేదు, తగిలించుటయు, విడదీయుటయు కూర్చుండియే చేయవచ్చును. ఇట్టి బండి నొకదానిని మదరాసు ఐ.ఐ.టి.లో రూపొందించి, నియోబోల్ట్ అను పేరుతో 2021లో వెలువరించిరి. అది గంటకు 25 కిలోమీటర్ల వేగమువఱకు పోగలదు. ఒకసారి చార్జి చేసినచో సుమారు 25 కిలోమీటర్ల దూరము వచ్చును. అక్క దానిని ముమ్మాఱు తగిలించి, ముమ్మాఱు విడదీసి చూచెను. "ఒక్క కుర్చీలో ప్రొద్దున కూర్చుండి రాత్రి దిగవచ్చును. ఇదియే" అనెను. అట్టిదే ఆమె కొలతలతో చేయించితిమి. వెడల్పు ఇరువదినాలుగు అంగుళములు.

బండి వచ్చుటకు ముందే ఇల్లు సిద్ధము చేయవలెను. ఇచ్చట మీకొక చిన్న లెక్క. చక్రముల కుర్చీ ఎక్కు వాలు, పండ్రెండు పాళ్ళ పొడవునకు ఒక పాలు ఎత్తు మించరాదు. అనగా ప్రతి యంగుళపు ఎత్తునకు ఒక అడుగు పొడవు కావలెను. మా మెట్లు రెండును గడపయు కలిసి పదునాలుగంగుళములు. కావున పదునాలుగడుగుల వాలు. మా వాకిలి తొమ్మిదడుగులే. మేస్త్రి తల గోకికొని, "గడప తీసివేయుదము" అనెను. అక్క ఒప్పుకొనలేదు. "ఈ గడపకు అమ్మ యాబదియేండ్లు పసుపు పూసినది. దానిని తీయవలదు, దారి మార్చుము" అని చెప్పి, పుస్తకములో తానే పటము గీసెను. ఏడడుగులు గోడవెంట పోయి, చదరపు అరుగుపై మలుపు తిరిగి, మరి యేడడుగులు వాకిటివైపు వచ్చు వాలు. లోపలివైపు గడపకు మూడడుగుల చెక్కపలక. మేస్త్రి ఆ పటము చూచి, "అమ్మా, నీవు ఇంజనీరువా?" అనెను. అక్క నవ్వెను. ఉగాది పిమ్మట ఆమె నవ్వుట అదియే మొదలు.

మరి ఎఱ్ఱ బండి ఏమైనదందురా? నా పాత సహోపాధ్యాయుడొకడు కొంపల్లి వైపు పెద్ద భవన సముదాయములో నివసించుచున్నాడు. మోకాళ్ళ నొప్పిచే ఎక్కువ నడువలేడు గాని, లేచి నాలుగడుగులు వేయగలడు. అచ్చట లిఫ్టు కలదు, బాటలు నున్ననివి. ఆ బండిని అతనికిచ్చితిని. దినమును దానిపై తిరిగి నన్ను మెచ్చుకొనుచున్నాడు. బండిలో దోషము లేదు. దోషము నా యెంపికలో నుండెను.

ఈ బండ్ల చరిత్ర చదువగా నాకొక సంగతి తోచినది. 1655లో జర్మనీలోని న్యూరెంబర్గు ప్రాంతమున స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అను గడియారములు చేయువాడు నడువలేక, ఇరువదిరెండేండ్ల ప్రాయమున చేతితో త్రిప్పు మూడు చక్రముల కుర్చీని తనకు తానే చేసికొనెను. 1930లలో మడత కుర్చీని రూపొందించిన ఇద్దఱిలో హెర్బర్టు ఎవరెస్టు గని ప్రమాదమున నడుము విఱిగినవాడు; ఆ కుర్చీ అతనికే కావలసి యుండెను. 1968లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఆలన్ థీమ్ అనునతడు తన కుటుంబమున వ్యాధిగ్రస్తులైన యొకరి కొఱకు విద్యుత్తు స్కూటరు చేసెను. అవసరమున్నవారో, ఆ అవసరమును దినమును కన్నులార చూచినవారో చేసినందున అవి పనికి వచ్చినవి. నేను అక్క ప్రక్కననే యుండి చూడలేదు. అదియే నా తప్పు.

సొమ్ము లేనివారు నిరాశ చెందనక్కఱలేదు. కాన్పూరున 1972లో స్థాపించిన కృత్రిమావయవ నిర్మాణ సంస్థ, అలిమ్‌కో, చేతిబండ్లను మోటారు బండ్లను చేయుచున్నది. 1981నుండి అమలులో నున్న కేంద్ర ప్రభుత్వ పథకము ద్వారా అర్హులకు సాధనములు లభించును. పేద వృద్ధుల కొఱకు 2017లో మరియొక పథకము వచ్చినది. మీ యింటిలోగాని, ఇరుగుపొరుగునగాని అట్టివారున్నచో, వైకల్య ధ్రువపత్రము సంపాదించుటకు దరఖాస్తు వ్రాసిపెట్టుడు. ఎనిమిదవ తరగతి చదువువారు ఆ మాత్రము సాయము చేయగలరు. కాని బండి ఏది కావలెనో మాత్రము మీరు నిర్ణయింపకుడు, వారినే అడుగుడు.

ఇక నేను చెప్పుటకు వెఱచిన సంగతి యొకటి మిగిలినది.

నేను చదివిన బడికే నేను ప్రధానోపాధ్యాయుడనై పోయితిని. 2009 నాటి విద్యాహక్కు చట్టములో, ప్రతి బడికిని అడ్డంకులు లేని దారి యుండవలెనని వ్రాసియున్నది. మా బడిలో అట్టి దారి కలదా యని పైనుండి ప్రశ్న వచ్చినది. "మా బడిలో నడువలేని విద్యార్థులు లేరు, కావున అవసరము లేదు" అని జాబు వ్రాసి సంతకము చేసితిని. ఆ దినములలో అక్క అప్పుడప్పుడు చేతిబండిపై నాకు అన్నపు డబ్బా తెచ్చెడిది. గేటు కడనే ఒక పిల్లవాని చేతికిచ్చి మరలిపోయెడిది. ఆమె లోనికి ఎందులకు రాలేదని నేనొక్కనాడును ఆలోచింపలేదు. మొన్న ఈ జాబు సంగతి ఆమెకు చెప్పితిని. ఆమె కోపింపలేదు. "మెట్లున్న బడిలో నడువలేనివారు ఎట్లుందురు తమ్మీ?" అని మాత్రము అడిగెను.

నా పాత విద్యార్థులు కొందఱు కలిసి చందా వేసికొనిరి. నేనును వేసితిని. బడి మెట్లు మూడును కలిసి ఇరువదియొక్క అంగుళములు. ఇరువదియొక్క అడుగుల వాలు కట్టించితిమి. ఈ సంవత్సరము బడులు తెఱచిననాడు అక్క తన బండిపై మైలు దూరము వచ్చెను. గేటు కడ మోటారు చక్రమును విడదీసి ప్రక్కన పెట్టెను. కుర్చీని తానే త్రిప్పుకొనుచు వాలు ఎక్కసాగెను. నాకు చేతులు ఊరకుండలేదు. ఒకడుగు ముందునకు వేసితిని. ఆమె వెనుదిరిగి చూచెను. నేను చేతులు వెనుకకు కట్టుకొని నిలిచితిని. నడుమ ఒకసారి ఆగి, ఊపిరి పీల్చుకొని, ఆమె పైకి చేరెను.

పాత గది ఇంకను అట్లే యున్నది. ఆమె ద్వారమున ఆగి, నల్లబల్లను, కిటికీలను, పిల్లలను చాలసేపు చూచెను. పిల్లలు లేచి నమస్కరించిరి. పిమ్మట నా వంక తిరిగి, "తమ్మీ, నీవు ఎక్కడ కూర్చుండెడివాడవు?" అని యడిగెను.

కిటికీ ప్రక్క రెండవ వరుస చూపితిని. పిల్లలు బల్ల జరిపిరి. అక్క కుర్చీని మెల్లగా త్రిప్పి ఆ చోట నిలిపెను. సరిగ్గా పట్టినది.